మూడో గడి

శుక్రవారంలోగా వలెన్సియాకి పంపాలి.
నీటిశాస్త్రం, పర్యావరణం, రెండువేల నూటపద్నాలుగు మాటలు.
ఎడమ గడిలో ఇంగ్లీషు, కుడి గడిలో స్పానిష్.
మాటకి రూపాయి డెబ్బై పైసలు.

తార్నాకలో చదువుకున్న స్పానిష్ ఇది,
సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద
క్రియలు వల్లెవేస్తూ నేర్చుకున్నది.
ఆగ్వా వాళ్ళకి స్త్రీలింగం,
అయినా ముందు మగ ఉపపదం తగిలించుకుని నడుస్తుంది,
రాత్రి షిఫ్టు నుంచి వచ్చే పిల్ల
తమ్ముడి చొక్కా తొడుక్కున్నట్టు.
మనకి నీళ్ళు ఎప్పుడూ బహువచనం.
అడుగున గ్లాసెడు మిగిలినా
నీళ్ళున్నాయనే అంటాం.

వరస 412. స్పిల్‌వే.
స్పానిష్‌లో ఆలివియదేరో,
బరువు దించుకునే చోటు.
కింద సెల్లారులో ఇస్త్రీ చేసే సాయవ్వని అడిగాను,
చెరువు నిండి పొర్లితే మీ ఊళ్ళో ఏమంటారని.
"మత్తడి దుంకిందంటం," అంది, పెట్టె ఆపకుండా.
"గప్పుడు సూడాలె, శాపలు గూడ దుంకుతయి."
ఒకరికది ఊరట, ఒకరికది దూకుడు.
ఇంగ్లీషు ఒలికిందంది, అంతే,
టీకప్పు గురించి చెప్పినట్టు.

వరస 631. కువెంకా.
చుట్టుపక్కల వానంతా జారి నదికి చేరే పల్లం.
కంటిగుంతకీ అదే మాట.
ఇక్కడ కాసేపు పని ఆపాను.
వాగు ఇసకలో చేత్తో తవ్వితే ఊరేది చెలమ,
కంటిదీ చెలమే.
ఎవరూ ఎవరి దగ్గరా కాపీ కొట్టి ఉండరు.

వరస 870 దగ్గర ట్యాంకరు హారన్.
డ్రైవరు సాలెహ్ బావజీర్, బార్కాస్ మనిషి,
పైపు సంపులోకి దించి, రసీదు రాస్తూ,
నా చేతిలో ల్యాప్‌టాప్ వైపు చూశాడు.
"క్యా పఢ్‌రే మేడమ్?"
"అసేకియా. పొలాలకి నీళ్ళు తీసుకెళ్ళే కాలువ.
స్పెయిన్ మాట."
పెన్ను ఆగింది.
"స్పెయిన్ కా నై మేడమ్. సాఖియా.
హమారే పర్‌దాదా యమన్‌మే సాఖియా ఖోద్‌తే థే."

నిజాం ఫౌజులో చేరడానికి ఓడెక్కినవాళ్ళు
ఆ మాటని ఇటు తెచ్చారు.
వందల ఏళ్ళ ముందే ఇంకెవరో దాన్ని అటు మోసుకెళ్ళారు.
నాచారం సంపు మూత పక్కన,
పైపు గుబగుబ కక్కుతుంటే,
రెండు కొసలూ ఒకదాన్నొకటి పోల్చుకున్నాయి.
"పంద్రా సౌ," అన్నాడు సాలెహ్.
పొద్దుటి నుంచి నేను దించిన మాటలన్నీ పోసినా
ఇంకా పన్నెండు తక్కువ.

రాత్రి జాబితా కింద దాకా వెతికాను.
చిత్తడినేల ఉంది, వరదమైదానం ఉంది,
రెండు భాషల్లోనూ దర్జాగా ఉన్నాయి.
శికం లేదు.
నీళ్ళు వెనక్కి తగ్గితే జొన్న చల్లుకునే నేల,
నీళ్ళు వస్తే నోరు మూసుకుని లేచిపోవాల్సిన నేల.
మా సరోవర్ రెసిడెన్సీ లేచినది దాని మీదే.
సరిహద్దు రాయి ఇప్పటికీ ఉంది,
బి బ్లాకు పార్కింగులో, ఎవరిదో ఎర్ర కారు వెనక,
నడుం దాకా సిమెంటులో.

మూడో గడి తెరిచి, తెలుగులో కొట్టాను.
కింద ఎర్రగీత పడింది.
దాని పక్కన మత్తడి, దాని పక్కన చెలమ.
గీత మీద గీత.
పంపేముందు తీసేయాలి,
వాళ్ళు డబ్బులిచ్చేది రెండు గడులకే.

పోయిన సెప్టెంబరులో మాత్రం
సెల్లారులోకి నీళ్ళు వాటంతటవే వచ్చాయి.
ఫోన్ చెయ్యలేదు, రసీదు లేదు.
సాయవ్వ బట్టల మూట నెత్తిన పెట్టుకుని
మెట్ల మీద నిలబడి చూస్తోంది.
గల్లీ పేరు మారింది, గేటు మారింది,
అయినా ఎవరినీ అడ్రసు అడగలేదవి.